హాఫ్‌టైంలో చెప్పాల్సిన మాట

కమలాపురం,
10 సెప్టెంబరు 2006.

చిరంజీవి భూపేష్‌కు అక్క దీవించి రాయునది.

ఫోన్ చేస్తే మోగుతుంది, మోగి మోగి ఆగిపోతుంది. వారం నుంచీ ఇదే వరుస. నువ్వు ఎత్తవని అర్థమయ్యాకే పోస్టాఫీసుకు పోయి కవర్లు కొన్నాను. ఉత్తరాన్నయితే చదవకుండా ఎన్నాళ్లు దాచుకుంటావో నేనూ చూస్తాను.

ముందు నీ సంగతి. లెక్కల పేపరు డిసెంబరులో మళ్లీ పెడతారని నువ్వే చెప్పావు. మొదటిసారి రాసి తప్పావు. రెండోసారి పరీక్ష హాలు గేటు దాకా పోయి వెనక్కి తిరిగి వచ్చావు. ఆ రెండో సంగతి నాకొక్కదానికే తెలుసు. నాయనకు చెప్పలేదు, చెప్పను. కానీ ఈసారి కూడా గేటు దగ్గర నుంచి మళ్లితే నిన్ను పై ఏడాదికి పోనివ్వరు. అప్పుడు దాచడం నా వల్ల కాదు. రాయచోటిలో మన ఎరువుల అంగడికి వచ్చిన ప్రతి రైతుకూ నాయన "మావోడు ఇంజనీరు" అని చెప్పి గానీ బస్తా ఇవ్వడం లేదు. నాకు రాత్రి కంచం ముందు కూర్చుంటే నువ్వే గుర్తొస్తున్నావు, ముద్ద దిగడం లేదు.

ఇక నా గోడు. ఎవరో దాత మా బడికి రెండు ఫుట్‌బాళ్లు ఇచ్చాడు. బంతులు వచ్చాయి కాబట్టి జట్టు ఉండాలన్నారు హెచ్.ఎం. మేడం. జట్టు ఉండాలి కాబట్టి డ్రిల్లు టీచరు నేర్పాలన్నారు. నేను ఖోఖో ఆడినదాన్నిరా. కూర్చోవడం, లేవడం, పరుగెత్తడం తప్ప నాకేం తెలుసు? కాలితో తన్నే ఆటను టీవీలో కూడా సరిగ్గా చూడలేదు. నవంబరులో కడపలో పోటీలున్నాయి. అక్కడ గెలిస్తే వచ్చే ఏడు జట్టు ఉంటుందట, లేకపోతే సాయంత్రం ఆ గంటను పదో తరగతి పిల్లల చదువుకు ఇచ్చేస్తారట.

నువ్వేమో నీతో గదిలో ఉండే ఆ లేవి అనే అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లండులో ఒక జట్టును నడుపుతున్నావని అమ్మ మొత్తుకుంటోంది. అది నిజమైన జట్టేనని ఆమె అనుమానం. జీతం ఎంతిస్తారని నన్నడిగింది. సరే, పనికిరాని విద్య ఏదో ఒకటి నేర్చావు కదా, అదన్నా అక్కకు పనికి రానీ. పిల్లలకు నేనేం చెప్పాలో రాయి. లెక్కలు ఎంతవరకు వచ్చాయో అది కూడా రాయి.

నీ అక్క,
లక్ష్మీప్రియ.

కల్లూరు, కర్నూలు,
17 సెప్టెంబరు 2006.

అక్కకు నమస్కారాలు.

ఫోన్‌లో చార్జింగ్ నిలవడం లేదు. అందుకే ఎత్తలేకపోయాను.

నీ ఉత్తరం చదివి లేవీ నేనూ ఎగిరి గంతేశాం. అక్కా, నువ్వు ఇప్పుడు మేనేజరువి! నేను ఆడే ఆటలో బంతిని తన్నేది నేను కాదు. పదకొండు మందిని ఎంచుకోవాలి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పాలి, తర్వాత చేతులు కట్టుకుని చూడాలి. మాది ఇంగ్లండులో ఐదో అంచెలో ఉండిన చిన్న ఊరి జట్టు. ఆటలో రోజులు తొందరగా గడుస్తాయి. 2005లో మొదలుపెట్టాను, ఇప్పుడు 2008 నడుస్తోంది. రెండు అంచెలు పైకొచ్చాం.

ఈ ఏడు వచ్చిన ఆటలో కొత్తగా ఒక సదుపాయం పెట్టారు. మ్యాచ్‌కు ముందు, హాఫ్‌టైంలో, అయిపోయాక ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో కొన్ని మాటలుంటాయి. "మీరు గెలవగలరు." "ఒత్తిడేమీ లేదు." "చూడవచ్చిన వాళ్ల కోసం ఆడండి." "నాకు సంతోషంగా ఉంది." "నిరాశపరిచారు." "కోపంగా ఉన్నాను." వాటిలో ఒకటి నొక్కితే ఆటగాళ్లకు ఆ మాట చెప్పినట్టు. జట్టు మొత్తానికీ చెప్పొచ్చు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పొచ్చు. ఆ తర్వాత ఒక్కొక్కడి పేరు పక్కన వాడికి ఎలా అనిపించిందో పడుతుంది. ఒకడికి హుషారొస్తుంది, ఇంకొకడు బెదిరిపోతాడు. సగం మ్యాచ్‌లు అక్కడే తేలిపోతాయి. కాళ్లు అందరికీ ఉంటాయి, మాటే ముఖ్యం.

కాబట్టి నా సలహా. అవతలి వాళ్లు బలమైన వాళ్లయితే "ఒత్తిడేమీ లేదు" అను. మీరే బలమైన వాళ్లయితే "గెలవగలరు" అను. హాఫ్‌టైంలో ముందంజలో ఉంటే "సంతోషంగా ఉంది" అని చెప్పి, బాగా ఆడిన పిల్లను పేరు పెట్టి విడిగా పొగుడు. మనవాళ్లు ఈ ఒక్క పని చేయరు. పిల్ల ఫస్టు వచ్చినా "ఆ, వచ్చినావులే" అంటారు. నువ్వు నోరారా పొగిడి చూడు.

లెక్కలు చదువుతున్నాను.

నీ తమ్ముడు,
భూపేష్.

కమలాపురం,
8 అక్టోబరు 2006.

ఒరే భూపేషా,

నీ మాట పని చేసిందిరా! ఎర్రగుంట్ల నుంచి ఒక జట్టు సరదా మ్యాచ్‌కు వచ్చింది. వాళ్లకు అందరికీ బూట్లున్నాయి, మా వాళ్లలో సగం మందికి లేవు. పిల్లలు వాళ్ల కాళ్ల వైపు చూసి ముడుచుకుపోయారు. నేను "ఒత్తిడేమీ లేదమ్మా, ఊరికే ఆడండి" అన్నాను. "చూడవచ్చిన వాళ్ల కోసం ఆడండి" అని కూడా అన్నాను. చూడవచ్చింది ఐస్ బండి అబ్బి ఒకడు, రామసుబ్బమ్మ అవ్వ ఒకతె. అయినా పిల్లలు నవ్వి ఆడారు, ఒక గోలుతో గెలిచారు.

రామసుబ్బమ్మ అవ్వ మా గోలీ, అదే గోలు దగ్గర కాపలా ఉండే జీవమ్మకు నాయనమ్మ. ఆ పిల్ల సంగతి నీకు చెప్పాలి. ఎండాకాలంలో పుచ్చకాయలు లారీకి ఎత్తేటప్పుడు అవ్వ కింద నుంచి విసిరితే జీవమ్మ పైన నిలబడి పట్టుకునేదట. ఒక్క కాయ పగిలినా అవ్వ ఊరుకోదు. ఆ చేతులకు ఫుట్‌బాల్ ఒక లెక్కా? ఎటు నుంచి వచ్చినా పొట్టకు హత్తుకుంటుంది. తొమ్మిదో తరగతి, మాట తక్కువ, ఏదన్నా అడిగితే తల మాత్రం ఊపుతుంది.

నేను ఇంత రాశాను కదా, నువ్వు "లెక్కలు చదువుతున్నాను" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఎట్లా? ఏ పాఠం చదివావు? ఏది మింగుడుపడటం లేదు? అమ్మకు మాత్రం నువ్వు బాగా చదువుతున్నావనే చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

హాల్‌టికెట్ వచ్చిందా?

అక్క.

కల్లూరు,
22 అక్టోబరు 2006.

అక్కా,

ఎర్రగుంట్ల మ్యాచ్ వార్తకు మా గదిలో పండగే. లేవి మిద్దె దిగి మిర్చి బజ్జీలు తెచ్చాడు. ఇంటామె రాజ్యలక్ష్మమ్మగారికి కూడా రెండు ఇచ్చాం. ఎవరు గెలిచారప్పా అని అడిగితే మా అక్క జట్టు అన్నాను. ఆమె చాలా సంతోషించింది.

కడప మ్యాచ్ గురించి జాగ్రత్తగా విను. అక్కడ మీ పేరు ఎవరికీ తెలియదు కాబట్టి మొదట ఒత్తిడి లేదనే అను. హాఫ్‌టైంలో మీరు ముందుంటే మాత్రం అస్సలు వెనకాడకు. జట్టుకు సంతోషమని చెప్పు, జీవమ్మను అందరి ముందూ పేరు పెట్టి పొగుడు. గోలీలకు నమ్మకమే ప్రాణం. మా జట్టులో ఒక గోలీ ఉన్నాడు. వీడు పనికిరాడని అందరూ వదిలేసినవాణ్ని నేను ప్రతి హాఫ్‌టైంలో పొగిడి పొగిడి నిలబెట్టాను. 2016 వచ్చేసరికి ఆ దేశంలోనే వాడంతటి గోలీ లేడు. మేమిప్పుడు మొదటి అంచెలో ఉన్నాం అక్కా. పోయిన ఏడాది కప్పు కూడా గెలిచాం. నువ్వు ఇక్కడుంటే చూపించేవాణ్ని.

హాల్‌టికెట్ కాలేజీలో ఇస్తున్నారట. పోయి తెచ్చుకోవాలి. పాఠాలన్నీ ఒకసారి తిరగేశాను.

భూపేష్.

కమలాపురం,
19 నవంబరు 2006.

భూపేష్‌కు,

నీ గోలీ కప్పు గెలిచాడు. నా గోలీ ఇంట్లో మూల కూర్చుంది.

నిన్న కడపలో ఆట. హాఫ్‌టైంకు రెండు గోల్స్ మావి, వాళ్లకు ఏమీ లేదు. జీవమ్మ ఎన్ని బంతులు ఆపిందో నాకే లెక్క తెలియదు. పిల్లలు నీళ్లు తాగుతూ నా చుట్టూ కూర్చున్నారు. నేను నీ ఉత్తరం గుర్తు తెచ్చుకున్నాను. నోరారా పొగడమన్నావు కదా. "నాకు శానా సంతోషంగా ఉండాది. జీవమ్మవి బంగారు చేతులు. ఈ పిల్ల నిలబడినంతసేపు మనకు గోలు పడేదే లేదు" అన్నాను.

పెట్టెలో పేరు పక్కన పడుతుందన్నావే, నాకు ఆ పెట్టె అక్కర్లేకపోయింది. పిల్లలందరూ ఒక్కసారి తలలు దించేశారు. జీవమ్మ తన రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. నాకు అప్పుడైనా తట్టలేదు, సిగ్గుపడుతోంది అనుకున్నాను. విజిల్ వేశాక వచ్చిన మొదటి బంతి, రెండేళ్ల పిల్ల దొర్లించినట్టు వచ్చిన బంతి, దాని చేతుల మధ్య నుంచి జారి లోపలికి పోయింది. ఆ తర్వాత ఇంకొకటి పోయింది. రెండూ రెండూ సమం. వచ్చే శనివారం మళ్లీ ఆడాలట.

గీత అవతల నుంచి రామసుబ్బమ్మ అవ్వ నడిచొచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "నరుడి కంటికి నల్లరాయి గూడా పగులుతాది తల్లీ. గెలవకముందే పొగిడే నోరు యాడన్నా ఉంటాదా?" అని, పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

ఈరోజు వాళ్లింటికి పోయాను. జీవమ్మ చేతులు ఓణీ కింద పెట్టుకుని కూర్చుంది. "చేతుల్లో సత్తువ ల్యా మేడం. నేను రాను" అంది. ఇన్నాళ్లలో ఆ పిల్ల నాతో అంత పొడుగు మాట మాట్లాడలేదు. అది రాకపోతే శనివారం ఆట లేదు, ఆట లేకపోతే జట్టు లేదు.

నాకు నీ మీద కోపంగా ఉంది. మన ఊళ్లలో పిల్లను ఎదురుగా ఎందుకు పొగడరో నీకు తెలియదా? మన అమ్మ నీకు తలంటిన ప్రతి ఆదివారమూ అరికాలికి చుక్క పెట్టేది, మర్చిపోయావా? ఇంగ్లండు వాళ్లకు దిష్టి లేదేమో. మాకుంది.

ఇంకొక మాట. సెప్టెంబరులో మీ జట్టు 2008లో ఉందని రాశావు. అక్టోబరులో 2016 అని రాశావు. నెల రోజుల్లో ఎనిమిదేళ్లు బతికావు. నేను డ్రిల్లు టీచరునే గానీ ఈ కూడిక నాకొచ్చు. లెక్కలు ఎప్పుడు చదివావురా?

లక్ష్మీప్రియ.

కల్లూరు,
22 నవంబరు 2006.

అక్కా,

నీ కూడిక సరిపోయింది. పుస్తకం తెరవలేదు. చార్జింగ్ సంగతి కూడా అబద్ధం.

ఇంకొకటి కూడా చెప్తాను, విన్నాక నీకు నా మీద ఇంకా కోపం రావచ్చు. మా జట్టు అన్నేళ్లు గెలిచింది నా తెలివితో కాదు. ఓడిపోతే ఆటను సేవ్ చేయకుండా మూసేస్తాను. మళ్లీ తెరిస్తే మ్యాచ్‌కు ముందు ఎక్కడున్నామో అక్కడికే వస్తుంది. మళ్లీ ఆడతాను. హాఫ్‌టైంలో "సంతోషం" నొక్కితే ఓడామా, వెనక్కి పోయి "కోపం" నొక్కుతాను. అదీ కాకపోతే ఇంకొకటి. గెలిచే దాకా. నువ్వు నమ్మి నీ పిల్లలకు చెప్పిన నా అనుభవం ఇదీ. నిన్న లేవి చూసి "ఇట్లయితే మా అవ్వ గూడా కప్పు గెలుస్తాదిరా" అన్నాడు.

జీవమ్మ చేతులు వెనక్కి దాచుకుందని రాశావు. చదివినప్పటి నుంచీ నాకు అదే కనబడుతోంది. ఆ రోజు పరీక్ష గేటు దగ్గర ఏం జరిగిందో నీకు సగమే చెప్పాను. హాల్‌టికెట్ జేబులోనే ఉంది. వాచ్‌మన్ చూపించమన్నాడు. అంతకు ముందు రోజు నాయన ఫోన్ చేసి, ఎవరో రైతు పక్కన ఉన్నట్టున్నాడు, "మావోడు లెక్కల్లో పులి" అని వాడికి చెప్తూ నాతో మాట్లాడాడు. గేటు దగ్గర అదే చెవిలో పడింది. లోపలికి పోతే నేను పులి కాదని తేలిపోతుంది, పోకపోతే తేలదు. నా కాళ్లు రోడ్డు వైపు తిరిగాయి. షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న ఒకామె "పరీచ్చ బాగా రాసినావాప్పా?" అని అడిగింది. బాగా రాసినాను అన్నాను.

ఇప్పుడు కూడా హాల్‌టికెట్ తెచ్చుకున్నాను. గోడకు అంటించాను. దాన్ని చూడకుండా ఉండాలని ఆటలో కూర్చుంటాను. పరీక్ష డిసెంబరు పదకొండున. నాకు భయంగా ఉంది అక్కా. ఏ మాట చెప్తే నేను ఆ గేటు దాటతానో నాకే తెలియదు. ఆ పెట్టెలో అయితే లేదు, అన్నీ వెతికాను.

జీవమ్మకు ఏం చేశావో రాయి. నాకు సలహా చెప్పే ముఖం లేదు.

భూపేష్.

కమలాపురం,
3 డిసెంబరు 2006.

నాయనా భూపేషా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం పోయింది. అబద్ధం మానేశావు కాబట్టి నేను ఇక నీ మీద అరవను. జరిగింది వరసగా చెప్తాను, నిదానంగా చదువు.

మళ్లీ ఆడేందుకు నాలాంటిదానికి నీ ఆటలోలాగా వెనక్కి పోయే దారి లేదు. అవ్వ దగ్గర మాత్రం ఒక దారుంది. నేను మళ్లీ వాళ్లింటికి పోయి "అవ్వా, దిష్టి నాదే. ఏం చేయమంటావో చెప్పు" అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "దిష్టి పెట్టినోళ్లు వాళ్లంతట వాళ్లే ఒప్పుకోని రావడం నేనింతవరకు చూడల్యా" అంది. దిష్టి ఎవరిదో వాళ్ల కాలికింద మన్ను కావాలట. మామూలుగా వాళ్లకు తెలియకుండా వెనకాలే పోయి తెచ్చుకుంటారట. నేను అక్కడికక్కడే కాన్వాసు బూటు ఎత్తి పట్టుకున్నాను. అవ్వ వంగి అడుగున అంటిన మన్ను గీకి తీసుకుంది. నేను ఒంటికాలి మీద నిలబడి ఊగుతుంటే మూలనున్న జీవమ్మ పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికే.

ఆ మన్నులో కల్లుప్పు, ఎండుమిరపకాయలు కలిపి పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినోళ్ల దిష్టి, పోయినోళ్ల దిష్టి అన్నాక నన్ను చూస్తూ "డ్రిల్లు మేడం దిష్టి" అని కూడా చేర్చింది. జీవమ్మ చేత మూడుసార్లు ఉమ్మించి అంతా పొయ్యిలో వేసింది. అందరం పొయ్యి చుట్టూ చేరాం. నీకు తెలుసు కదా, మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, దగ్గు తెప్పిస్తే లేనట్టు. నేను పొయ్యికి దగ్గరగానే ఉన్నాను. ముక్కు కూడా మండలేదు. "చూడు, రవంత ఘాటన్నా వచ్చిందేమో" అంది అవ్వ. జీవమ్మ ఓణీ కింద నుంచి చేతులు తీసింది. తన చేతుల తప్పు కాదని దానికి రుజువు దొరికింది.

అనుకున్న శనివారమే ఆడాం. హాఫ్‌టైంకు ఒక గోలు వెనకబడి ఉన్నాం. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. పొగడాలంటే భయం, ఒత్తిడి లేదనాలంటే అబద్ధం. అందరికంటే ముందు జీవమ్మ మాట్లాడింది. "తిట్టు మేడం. అవ్వ తిట్టినట్ల తిట్టు."

తిట్టాను. సద్దికూడు తిన్న కాళ్లేనా అవి అన్నాను. మా వీధి మేకలు మీకంటే వరసగా పోతాయన్నాను. జీవమ్మను, పుచ్చకాయ జారవిడిస్తే అవ్వ ఏం చేస్తుందో నేనూ అదే చేస్తానన్నాను. పిల్లల ముఖాలు విప్పారాయి. మన దగ్గర ఎవరినైనా తిడుతున్నారంటే వాళ్లను ఇంకా వదులుకోలేదని అర్థం. ఆ సంగతి నేను ఇంతకాలం బడిలో పనిచేసి కూడా మరిచిపోయాను.

గెలవలేదురా. ఒక గోలు వేసి సమం చేశారు, చివర్లో ఇంకొకటి పడింది. కానీ జీవమ్మ చివరిదాకా నిలబడింది. సోమవారం సాయంత్రం పిల్లలందరూ బంతి ఉన్న బీరువా తాళం కోసం హెచ్.ఎం. మేడం గదికి పోయారు. "ఓడిపోయినారు కదమ్మా, ఇంకేం ఆట?" అన్నారామె. జీవమ్మ "ఓడిపోయినాము కాబట్టే మేడం. రానిది నేర్చుకోవల్ల కదా" అంది. ఆమె కాసేపు ఫైలు చూస్తున్నట్టు నటించి తాళం ఇచ్చారు. వచ్చే ఏడు సంగతి ఇంకా తెలియదు, ఈ వారం మాత్రం ఆడుతున్నాం.

ఇప్పుడు నీ పని. ఈ కవరులో రెండు కాగితం పొట్లాలున్నాయి, పారేయకు. తెల్లది నా బూటు కింద మన్ను. నువ్వు నాలుగో తరగతిలో ఎక్కాలు తప్పు లేకుండా చెప్పిన రోజు నుంచీ, పెళ్లిళ్లలో, బస్సుల్లో, పక్క సీటు వాళ్లకు కూడా నిన్ను పొగిడినదాన్ని నేను. రెండోది, పేపరు ముక్కలో చుట్టింది, నాయనది. దానికోసమే పోయిన ఆదివారం రాయచోటికి పోయాను. ఆయన అంగడి ముందర విడిచిన చెప్పులు తీసుకుని దులిపాను. ఏం చేస్తాండావమ్మా అని అడిగాడు. మన్ను అంటింది నాయనా, శుభ్రం చేస్తున్నాను అన్నాను. పాపం మురిసిపోయాడు. అందులో ఎరువు వాసన వస్తే ఏమనుకోకు.

ఎవరికి వాళ్లు తిప్పుకోకూడదు. రాజ్యలక్ష్మమ్మగారిని అడుగు, పెద్దామె, కాదనదు. అది అయ్యాక ఏ మాట చెప్పాలో నాకూ తెలియదు. పులివి అనను. పాసు కావాలని కూడా అనను. గేటు దాటి లోపల కూర్చో, అంతే. రానిది రాలేదని అక్కడ తేలనీ. తేలితే మీద పడి ఎవరూ కరవరు.

అక్క.

కల్లూరు,
11 డిసెంబరు 2006, సాయంత్రం.

అక్కా,

పొట్లాలు రెండూ భద్రంగా అందాయి. నాయనది నిజంగానే యూరియా వాసన వచ్చింది.

రాజ్యలక్ష్మమ్మగారిని అడగడానికి రెండు రోజులు పట్టింది, సిగ్గుతో. అడిగితే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. మన్ను ఎవరిదని మాత్రం అడిగింది. అక్కది, నాయనది అంటే "అంతేలే, బయటోళ్లకు మన మీద అంత ప్రేమ యాడుంటాది" అంది. ఉప్పు, మిరపకాయలు ఆమే తెచ్చింది. వంటింట్లో నిలబెట్టి తిప్పింది. లేవి వాళ్లింట్లో ఇవి చేయరు. అయినా పక్కన నిలబడి, ఎన్నిసార్లయిందో వాడే చెప్పాడు. నేను ఉమ్మాను, ఆమె పొయ్యిలో వేసింది.

అక్కా, ఏం చెప్పమంటావు! ఇల్లంతా ఘాటు. లేవి దగ్గుతూ మెట్ల మీదికి పరుగెత్తాడు. నా కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు. పక్కింటివాళ్లు కిటికీ తెరిచి ఏమైందని అరిచారు. రాజ్యలక్ష్మమ్మగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. "నీకు దిష్టీ ల్యా, గిష్టీ ల్యాదప్పా. నువ్వు సదవల్యా, అంతే. పో, పోయి సదువుకో."

అక్కడే కూర్చుని నవ్వాను. నవ్వుతుంటే ఏడుపు కూడా వచ్చింది, ఘాటు వల్లనే అని ఆమెకు చెప్పాను. ఇన్నాళ్లూ నాలో ఏదో పెద్ద లోపం ఉందని, అది గేటు లోపల బయటపడుతుందని భయపడ్డాను. చదవకపోవడం ఇంత చిన్న సంగతా అనిపించింది.

అప్పటికి పరీక్షకు నాలుగు రోజులుంది. ఆట హాఫ్‌టైంలో ఆగి ఉంది, పెట్టె తెరిచి మాట కోసం చూస్తోంది. ఏదీ నొక్కలేదు. అట్లాగే మూసేశాను. లేవి నా పక్కన కూర్చుని పాత పేపర్లు చేయించాడు. తప్పు చేసిన ప్రతిసారీ తిట్టమన్నాను, వాడు మనసారా తిట్టాడు.

ఈరోజు గేటు దగ్గర అదే వాచ్‌మన్. హాల్‌టికెట్ అడిగాడు. ఒకసారి రోడ్డు వైపు చూశాను అక్కా, లేదని అబద్ధం చెప్పను. హాల్‌టికెట్ తీసి చూపించి లోపలికి పోయాను. సగం ప్రశ్నలు వచ్చాయి, సగం రాలేదు. రానివాటి దగ్గర బయటికి పోవాలని రెండుసార్లు అనిపించింది. జీవమ్మ గుర్తొచ్చింది. చివరి గంట కొట్టే దాకా లేవలేదు. పాసవుతానో లేదో నిజంగా తెలియదు. వెనక్కి పోయి మళ్లీ రాయడానికి లేదు కదా.

రేపు నాయనకు అన్నీ నేనే చెప్తాను. మొదటిసారి తప్పింది, రెండోసారి గేటు దగ్గర నుంచి వచ్చేసింది కూడా. తిడతాడు. తిట్టనీ. ఏమీ అనకుండా ఫోన్ పెట్టేస్తేనే నాకు భయం.

నీకు ఇప్పుడే ఫోన్ చేద్దామనుకున్నాను. బ్యాలెన్స్ లేదు. ఈసారి ఇది నిజం. ఈ ఉత్తరం అందగానే నువ్వే చెయ్యి. ఎత్తుతాను.

నీ తమ్ముడు,
భూపేష్.